పెద్దమ్మవారు పోయింది, చిన్నమ్మవారు మిగిలింది



సంక్రాంతి వెళ్ళి ఎండలు మొదలయ్యే రోజుల్లో మన కర్నూలు, కడప వీధుల్లో నడుస్తూ వుంటే ఏదో ఒక గుమ్మానికి వేపమండ కనిపిస్తుంది. చీటీ డబ్బులకని వెళ్ళినవాళ్ళు కూడా గడప దాటకుండా అక్కడే ఆగి, "ఎవరికమ్మా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. "చిన్నవాడికి. అమ్మవారు పోసింది" అని లోపలి నుంచి జవాబు. జబ్బు అనరు. ఆ ఇంట్లో పోపు వేయరు, మాంసం వండరు, మందు మాట ఎత్తరు.

ఆ వేపమండ వెనక పెద్ద చరిత్రే వుంది. అది చెప్పే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా పక్కవాటాలో ఒక గుమ్మానికి వేపమండ కట్టింది నేనే. ఆ కథ తర్వాత చెబుతాను.

అమ్మవారంటే మన పెద్దవాళ్ళ లెక్కలో ఒక్కరు కాదు. పెద్దమ్మవారు మశూచి. చిన్నమ్మవారు, ఆటలమ్మ అనేది ఇవాళ డాక్టర్లు చికెన్‌పాక్స్ అనే జబ్బు. తట్టు మళ్ళీ వేరు. కాని అమ్మవారన్న పేరు ముందు మశూచిదే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు మీద మనసు పెట్టిన బ్రౌను దొర, 1852లో అచ్చయిన తన నిఘంటువులో అమ్మవారు అన్న మాటకు దేవత అన్న అర్థంతో పాటు మశూచి అని కూడా రాశాడు. ఆయన బంగళా వున్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేర గ్రంథాలయం వుంది. పెద్దది, చిన్నది ఒకటే జబ్బు కాదని ఇంగ్లండులో హెబర్డెన్ అనే వైద్యుడు 1767లో విడమరచి చెప్పేదాకా, అక్కడి డాక్టర్లు కూడా రెంటినీ కలిపేసేవారు సుమా.

మశూచి సోకితే పదిమందిలో ముగ్గురు దాకా పోయేవారు. బతికినవాళ్ళకు ముఖాన గుంటలు, కొందరికి కళ్ళే పోయేవి. దానికి మందంటూ ఏమీ లేదు. ఆ కాలంలో వైద్యుడి దగ్గరికి పోలేదని మన అవ్వలను తప్పు పట్టడం న్యాయం కాదు, పోయినా ఆయన చేసేదేముంది? దత్తమండలాలకు మొట్టమొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో దొర 1827 జూలైలో మన పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. గవర్నరుగారికే దిక్కులేనప్పుడు సంగటి తినే రైతుకు దిక్కెవరు? సుంకులమ్మకో మారెమ్మకో మొక్కుకుని, గుమ్మానికి ఆకు కట్టి, పదిమందిని రానివ్వకుండా ఇంట్లో కూర్చోవడమే చేతనైన పని. ఆ రానివ్వకపోవడమే ఇరుగుపొరుగును కాచింది. వేపమండ ఒకరకంగా నోటీసు బోర్డు అన్నమాట.

మశూచికి మందు లేకపోయినా అడ్డుకట్ట దొరికింది. 1796లో జెన్నర్ అనే ఇంగ్లీషు డాక్టరు, ఆవు పొదుగు మీద లేచే పొక్కుల రసం అంటించుకున్నవాళ్ళకు మశూచి రాదని చూపించాడు. ఆ రసాన్ని మన దేశానికి తేవడం ఎంత కష్టమయిందో! ఎండకు అది చచ్చిపోయేది. అందుకని ఒక బిడ్డ చేతికి వేసి, ఎనిమిదో రోజు పొక్కులోంచి రసం తీసి ఇంకో బిడ్డకు వేసి, అలా చేతి నుంచి చేతికి దాటించారు. బస్రా మీదుగా ఓడ దాటి వచ్చిన ఆ రసం 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అనే మూడేళ్ళ పాప చేతి మీద పట్టింది. ఆ పాప చేతి నుంచే హైదరాబాదుకూ మద్రాసుకూ టీకా నడిచింది. మన పొరుగున మైసూరులో ఆ రోజుల్లోనే ఒక దొర గీసిన రాణుల చిత్రంలో, ఒక చిన్నరాణి పమిట తొలగించి ఎడమచేతి దండ చూపిస్తూ నిలుచుంటుంది. అది టీకా వేసిన చోటేనని, చూసి జనం ధైర్యం తెచ్చుకోవాలనే అలా గీయించారని కొందరు చరిత్రకారుల ఊహ. అంతఃపురం ఆడవాళ్ళు ముందుకు వస్తే తప్ప ఇళ్ళల్లో ఆడవాళ్ళు నమ్మరని ఎవరికో అప్పుడే తట్టిందన్నమాట.

అయినా నమ్మడానికి చాలా కాలం పట్టింది. 1876లో మొదలైన ధాత కరువులో మన జిల్లాల్లో ఆకలితో పాటు కలరా, మశూచి కూడా జనాన్ని ఊడ్చుకుపోయాయి. టీకాల మనిషి ఊళ్ళోకి వచ్చాడంటే పిల్లల్ని గాదె వెనక దాచేవారని మా అవ్వ నవ్వుతూ చెప్పేది. ఆమెను కూడా అలాగే దాచారట. దొరికిపోయింది కాబట్టి బతికింది, నేను ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నాను. మన ఎండలకు తట్టుకునే పొడి టీకా మందు 1950లలో ఇంగ్లండులో కాలియర్ అనే ఆయన తయారు చేశాక గాని పని చురుకందుకోలేదు. 1962లో మన దేశంలో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. చివరి రోజుల్లో ఆరోగ్య కార్యకర్తలు పొక్కుల బిడ్డ ఫోటో వున్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మశూచి చూపించినవాళ్ళకు వెయ్యి రూపాయల బహుమానం దాకా పెరిగింది. తీరా చూస్తే జనం చూపించినవాటిలో బోలెడు ఆటలమ్మలే! అందుకని తేడా కనిపెట్టడం వాళ్ళకు బాగా నేర్పారు. మశూచి పొక్కులు ముఖం, కాళ్ళు చేతుల మీద ఎక్కువ, అరచేతులకూ అరికాళ్ళకూ వస్తాయి, అన్నీ ఒకే ఈడువి. ఆటలమ్మ పొట్ట, వీపు మీద ఎక్కువ. ఒకటి నీటిబుడగలా వుంటే పక్కది అప్పుడే ఎండి చెక్కు కట్టి వుంటుంది, దురద చెప్పనలవి కాదు.

మన దేశంలో ఊరి గాలికి పుట్టిన చివరి మశూచి 1975 మే నెలలో బీహారులో కనిపించింది. 1980 మే 8న లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పెద్దమ్మవారు పోయింది. ఆమెకు చేసిన మర్యాదలు, ఆమె అంటే వున్న భయం మాత్రం చిన్నమ్మవారికి సంక్రమించాయి.

ఇప్పుడు మా పక్కవాటా సంగతి. ఆ ఇంటి ఆడబిడ్డ కొడుకు సెలవులకు వచ్చాడు, వాడికి ఆటలమ్మ. వారం తిరిగి లేచి ఆడుకున్నాడు. మరో వారానికి ఆ ఇంటి కోడలికి పోసింది. ఎనిమిదో నెల. "సూది వేయిస్తే తల్లికి కోపం" అని అత్తగారు. నేను కూడా వంత పాడి, వేపమండ కట్టి, రాగి అంబలి కాచి ఇచ్చి, నా వంతు పుణ్యం చేశాననుకున్నాను. నాలుగో రోజు రాత్రి ఆ పిల్ల పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది, ఊపిరి ఆడక. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఊపిరితిత్తులకు పాకిందన్నారు. పది పన్నెండు రోజులు అక్కడే. తల్లీ బిడ్డా దక్కారు. మొదటి రోజే తీసుకొస్తే ఇంత దాకా వచ్చేది కాదేమో కదమ్మా అని డాక్టరమ్మ మెల్లగానే అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పసివాళ్ళకు ఆటలమ్మ మామూలుగా తనంతట తనే పోతుంది. పెద్దవాళ్ళకు ముదురుతుంది. గర్భిణులకు, కాన్పుకు అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పోస్తే పుట్టిన బిడ్డకు, కేన్సరు మందులూ స్టిరాయిడ్లూ వాడేవాళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు. వీళ్ళ కోసమే ఎసైక్లోవిర్ అనే మందు వుంది. అది 1982 నుంచి డాక్టర్ల చేతికొచ్చింది. అది ఎలా పనిచేస్తుందో తేల్చిన బృందాన్ని నడిపింది గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ. 1988లో నోబెల్ బహుమతి పంచుకుంది. ఈ మందు పొక్కు కనిపించిన ఒకటి రెండు రోజుల్లోపు మొదలు పెడితేనే బాగా పనిచేస్తుంది. మూడు, అయిదు, తొమ్మిది అని రోజులు లెక్కపెట్టి నీళ్ళు పోసేదాకా ఆగితే ఆ మందు అక్కరకు రాదు. కర్నూలులో 1957 నుంచి వైద్య కళాశాల వుంది, కడపలో 2006 నుంచి. అంత దూరం పోనక్కర్లేదు, ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. ఊపిరి బరువెక్కినా, మగతగా పడివున్నా, వాంతులు ఆగకపోయినా మాత్రం తిన్నగా పెద్దాసుపత్రికే.

వేపమండ తీసేయమని నేను అనను. బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టండి, అంబలి, మజ్జిగ తాగించండి, అవన్నీ మంచివే. వేపాకు నూరి పచ్చి పొక్కుల మీద రుద్దకండి, చీము పడుతుంది. గోళ్ళు కత్తిరించండి. గోరువెచ్చని నీళ్ళతో రోజూ ఒళ్ళు కడగవచ్చు, తొమ్మిదో రోజు దాకా మురికిలో వుంచక్కర్లేదు. జ్వరానికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు. చెక్కులన్నీ కట్టేదాకా బడి వద్దు. దీనికి టీకా కూడా వుంది, 1974లో జపానులో తకహాషి అనే డాక్టరు కనిపెట్టాడు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో అది లేదు, బయట డబ్బిచ్చి వేయించుకోవాలి. గర్భిణులు వేయించుకోకూడదు.

ఇంకొక్క మాట. ఆసుపత్రిలో మొట్టమొదట అడిగేది, "మొదటి పొక్కు ఏ రోజు కనిపించింది?" అని. ఆ రాత్రి మా పక్కింటివాళ్ళలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పాల లెక్క రాసుకునే కాలెండరు వంటింట్లో వుంటుంది కదా, దాని మీద ఆ తారీకు దగ్గర ఒక చుక్క పెట్టుకోండి.