గోబర్ గ్యాస్: శాతం నుంచి లీటర్లకు లెక్క

ఊత్తంగరై వైపు పశువులున్న మన ఇళ్లకు, గోబర్ గ్యాస్ పెట్టుకున్నవారికీ పెట్టుకోబోయేవారికీ పనికొస్తుందని ఈ లెక్కను సంఘం తరఫున రాసిపెడుతున్నాం. గ్యాస్ పరీక్ష చేసినవారు ఇచ్చే కాగితంలో శాతాలే ఉంటాయి. మనకు కావలసింది రోజుకు ఎన్ని లీటర్ల మీథేన్ వస్తోందన్నది. పొయ్యిలో మంటనిచ్చేది అదే.

లెక్క

మొత్తం గ్యాస్‌ను ఆ వాయువు శాతంతో గుణించి 100తో భాగించాలి. పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలని. 10,000 పీపీఎం ఒక శాతం.

రోజుకు సుమారు 50 కిలోల పచ్చి పేడ వేస్తే 2 ఘనపు మీటర్లు, అంటే 2,000 లీటర్ల గ్యాస్ వస్తుంది. పరీక్షలో మీథేన్ 60%, కార్బన్ డయాక్సైడ్ 39.8%, హైడ్రోజన్ సల్ఫైడ్ 2,000 పీపీఎం (0.2%) అనుకుందాం.

- మీథేన్: 1,200 లీటర్లు
- కార్బన్ డయాక్సైడ్: 796 లీటర్లు
- హైడ్రోజన్ సల్ఫైడ్: 4 లీటర్లు

కూడితే మళ్లీ 2,000 రావాలి. కాగితంలో ఆక్సిజన్ కనబడితే ఎక్కడో గాలి కలుస్తోందని అర్థం. ముందు గొట్టాలు, అతుకులు చూసుకోవాలి.

ఎక్కువ గ్యాస్, తక్కువ మంట

ఒక తొట్టిలో 60% మీథేన్‌తో 2,000 లీటర్లు, ఇంకోదాంట్లో 50%తో 2,200 లీటర్లు వస్తున్నాయనుకోండి. మొదటిదాంట్లో మీథేన్ 1,200, రెండోదాంట్లో 1,100 లీటర్లే. అమ్మేవారు ఘనపు మీటర్లు మాత్రమే చెబితే శాతం కూడా అడగాలి.

రెండు సవరణలు

తొట్టి నుంచి వచ్చే గ్యాస్‌లో తేమ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో అది సుమారు 4%. పరీక్ష పరికరం తేమ తీసేసి కొలిచేదైతే మీటరు చూపిన 2,000లో ముందు 80 తీసేయాలి. మిగిలిన 1,920లో 60% అంటే 1,152 లీటర్లు.

రెండోది, వేడికి గ్యాస్ వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల వద్ద 1,000 లీటర్లున్నది, ఒత్తిడి మారకుండా 0 డిగ్రీలకు వస్తే దాదాపు 900 లీటర్లే. ఎత్తు మీదున్న హోసూరులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడి లీటరులో గ్యాస్ ఇంకొంచెం తక్కువే. రెండు ఊళ్ల లెక్కలు పోల్చాలంటే వేడి, ఒత్తిడి ఒకటిగా సరిచేసుకోవాలి.

ఇంటి ఖర్చులో

ఆ 1,152 లీటర్ల మీథేన్ వేడి సుమారు 0.82 కిలోల వంటగ్యాస్‌కు సమానం. అలా 17 రోజుల గ్యాస్ ఒక 14.2 కిలోల సిలిండరుకు సాటి.

జాగ్రత్త

నాలుగు లీటర్లే కదా అని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. పీల్చే గాలిలో 100 పీపీఎం ఉన్నా ప్రాణాపాయమే. ఆ స్థాయిలో ముక్కు వాసన పట్టడం కూడా మానేస్తుంది. శుభ్రం చేయడానికని ఎవరూ తొట్టిలోకి దిగవద్దు, పిల్లలను దించవద్దు.

పరీక్ష చేయించిన రోజు శాతాల పక్కనే మీటరు రీడింగు, ఆనాటి వేడి కూడా రాయించుకోండి. ఆ రెండూ లేని శాతంతో ఏ లెక్కా తేలదు.