గుర్రం లేని బండి గోదారి దాటిన వైనం

రాజమండ్రిలో పాతకాలపు వాళ్లు కారు నడపరు, తోలతారు. అచ్చం ఎడ్లబండిని తోలినట్టే. జట్కా, రైలు, లారీ, కారు... ఏదైనా వాళ్లకి బండే. పల్లెటూరి మాటలని తీసిపారేయకండి. మోటారు కారు పుట్టుక మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది.

1886 జనవరి 29న జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటుకి దరఖాస్తు పెట్టిన బండికి మూడు చక్రాలు, ఒకే ఒక్క సిలిండరు. దాని శక్తి ముప్పావు హార్స్‌పవర్. కొలతకి తెచ్చిన గుర్రానికి కూడా పావు వంతు తక్కువే! కొనడానికి జనం జంకారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి నూరు కిలోమీటర్లు పైబడిన పుట్టింటికి అలాంటి బండిలోనే బయల్దేరింది. పెట్రోలు బంకులు లేని రోజులు. వీస్లోఖ్ ఊళ్లో మందుల షాపుకెళ్లి మరకలు పోగొట్టే ద్రావకం కొని ఇంజనులో పోయించింది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే అతని చేత తోలు ముక్క వేయించింది.

తొలినాటి కారుని దగ్గరగా చూస్తే గుర్రబ్బండి పోలికలు ఇట్టే పట్టేయొచ్చు. ఎత్తయిన చక్రాలు, వాటికి చెక్క ఆకులు, మడిచే టాపు, కాలు మోపి ఎక్కే మెట్టు. డాష్‌బోర్డు అంటే అసలు గుర్రం డెక్కలు ఎగజిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా అడ్డం పెట్టిన పలక. గుర్రం పోయినా పలక పోలేదు. దానికే మీటర్లు బిగించారు. షోఫర్ అన్న ఫ్రెంచి మాటకి తొలి అర్థం పొయ్యి ఎగదోసేవాడని. అది ఆవిరి రోజుల గుర్తు.

ఆ ఆవిరి ముచ్చట మనకీ ఉంది. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1903లో ఆవిరి కారు తయారుచేసింది. తర్వాత అదే కంపెనీ ఆవిరి బస్సు బెజవాడ, బందరు మధ్య తిరిగింది. బందరుకి రైలు 1908లో గానీ రాలేదు మరి.

ఆ 1908లోనే అమెరికాలో ఫోర్డు మోడల్ టీ వచ్చింది. 1927 దాకా కోటిన్నర బళ్లు తయారయ్యాయి. దాన్ని స్టార్టు చేయడం ఓ విద్య. ముందు స్టీరింగు పక్కనున్న నిప్పురవ్వ మీటని సరిచూసుకోవాలి. తర్వాత బొటనవేలుని మిగతా వేళ్ల వరసలోనే ఉంచి, బండి ముందున్న హ్యాండిల్‌ని కింద నుంచి పైకి ఒక్క గుంజు గుంజాలి. బొటనవేలు చుట్టి పట్టుకున్నవాడిని ఇంజను ఎదురు తన్నిందంటే చేతికి కట్టు పడేది. పెట్రోలు ట్యాంకేమో సీటు కింద. పల్లానికి జారితేనే ఇంజనుకి అందుతుంది. అందుకే నిటారు ఎత్తు వస్తే బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు.

కారు మన జిల్లాకి రావడం ఒక ఎత్తు, గోదారి దాటడం ఒక ఎత్తు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక డెల్టాలో కాలవలే రోడ్లు. మనుషులూ ధాన్యమూ లాకులు దాటుకుంటూ పడవల్లో సాగేవి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన రైలుకే పరిమితం. కళ్లెదురుగా కనిపించే కొవ్వూరు రేవుకి కారు వెళ్లాలంటే పంటు ఎక్కాల్సిందే. ఎంత గొప్ప ఇంజనున్న బండైనా ఏటి మధ్య నోరు మూసుకుని సరంగు మాట వినాలి. 1974లో పైన రోడ్డు, కింద రైలుతో కొత్త వంతెన వచ్చాక గానీ, రాజమండ్రి కారు తన చక్రాల మీద తాను నేరుగా కొవ్వూరు చేరలేదు.

50 ఏళ్లు దాటి, పెద్ద మార్పుచేర్పులు జరగని బళ్లని వింటేజ్‌గా లెక్కగట్టి, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు ఇవ్వాలని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ లెక్కన, వంతెన తెరిచిన ఏడాది దాన్ని దాటిన కొత్త కారు కూడా ఇప్పుడు ఆ జాబితాకి తగిందే. ఏ షెడ్డులోనైనా దుమ్ముపట్టిన పాత అంబాసిడర్ కనిపిస్తే ముందువైపు వంగి చూడండి. హ్యాండిల్ దూర్చే బెజ్జం ఉంటుంది. సెల్ఫ్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలోనే వచ్చినా, బ్యాటరీ మొరాయించిన పొద్దున మళ్లీ చేతులే దిక్కు. ఆ షెడ్డు పక్కన ఎవరైనా పెద్దాయన కూర్చుని ఉంటే తాళాలు ఆయన చేతిలో పెట్టి చూడండి. “ఏం బాబూ, నే తోలనా?” అంటారు.