తీగ యాడ తెగింది? టెలిగ్రాఫ్ నుంచి రేషన్ మిషన్ దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజుల కథ లేదు, యుద్ధాల కథ లేదు. "నెట్ రావట్లేదు" అనే మాటకున్న చరిత్ర చెప్పుకుందాం. నవ్వులాటకు అనడం లేదు. కర్నూలు, కడప వైపు పల్లెల్లో ఈ రోజు ఒక ఇంటికి స్టోరు బియ్యం అందుతాయా లేదా అన్నది కూడా ఆ మాట మీద ఆధారపడి ఉంది. లోపం ఎక్కడుందో వెతికే పద్ధతి మన దగ్గరికి ఎట్లా వచ్చింది, దాన్ని మనం ఎక్కడ వదిలేసినాం, ఈ రెండే నేను చెప్పదలచుకున్నవి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. కర్నూలు మాత్రం నవాబు చేతిలో 1839 దాకా ఉంది. సరిగ్గా అదే 1839లో కలకత్తాలో ఓషాఘ్నెస్సీ అనే ఐరిష్ డాక్టరు తీగలో కరెంటు పంపి సంకేతాలు అందుకునే ప్రయోగాలు చేశాడు. 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కు లైను పడింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మద్రాసు, బొంబాయిలను కలిపే తీగ బళ్ళారి మీదుగా పోయింది. 1855 ఫిబ్రవరి నుంచి మామూలు జనం కూడా డబ్బు కట్టి తంతి పంపుకోవచ్చు. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా రైలు పట్టాలు పడ్డాయి. పట్టాల పక్కన తీగలూ నడిచాయి. మన సీమలో మొదటి నెట్‌వర్క్ అంటే అదే.

తీగ వచ్చిన మొదటి రోజు నుంచే లోపాలూ వచ్చాయి. అప్పటి తంతి వాళ్ళు వాటిని మూడు రకాలుగా విడగొట్టుకున్నారు. తీగ తెగిపోతే ఒకటి. అప్పుడు మీటర్ ముల్లు కదలదు. తీగ చెట్టుకో తడి స్తంభానికో తగిలి కరెంటు భూమిలోకి కారిపోతే రెండోది, దాన్ని ఎర్త్ అన్నారు. ఈ చివర ముల్లు ఎక్కువగా కదులుతుంది, ఆ చివరకు మాత్రం ఏమీ సరిగ్గా చేరదు. పక్కపక్క తీగలు రెండూ ఒకదానికొకటి తగిలితే మూడోది, కాంటాక్ట్. ఒక లైను కబురు ఇంకో లైనులోకి దూరుతుంది.

ఈ మూడూ ఇప్పటికీ మన ఇళ్ళలోనే ఉన్నాయి. కేబుల్ ఊడిపోతే మొదటిది. గోడలు అడ్డమొచ్చి వైఫై దారిలోనే సన్నబడిపోతే దాదాపు రెండోది. రెండు కంప్యూటర్లకు ఒకే ఐపీ అడ్రస్ పడి ఒకటి పనిచేస్తే ఇంకొకటి పనిచేయకుండా పోయిందా, అది మూడోదానికి చుట్టం.

మరి 128 కిలోమీటర్ల తీగలో లోపం యాడ ఉందో ఎట్లా కనిపెట్టాలి? లైన్‌మన్ మొత్తం నడిచి చూడాలంటే రోజులు పడతాయి. అందుకని సగంలో ఉన్న ఆఫీసు వాళ్ళకు ముందే ఒక వేళ పెట్టుకునేవాళ్ళు. ఆ వేళకు వాళ్ళు తీగను అక్కడ భూమికి కలపాలి. ఈ చివర ముల్లు మామూలుగా కదిలితే అక్కడిదాకా తీగ మంచిదే. లోపం రెండో సగంలో ఉంది. ఇప్పుడు ఆ సగాన్ని మళ్ళీ సగం చెయ్యి. 128ని ఏడుసార్లు సగం చేస్తే మిగిలేది ఒక్క కిలోమీటరే. ఆఫీసులు అంత దగ్గర దగ్గరగా ఉండవు కాబట్టి మిగతా దూరం లైన్‌మన్ నడవాల్సిందే. కానీ ఎటు నడవాలో తెలిసి నడుస్తాడు. ఈ విద్యలో అసలు రహస్యం ఇదే. ముందు ఎవరినీ తప్పు పట్టకు, సగం చేసి చూడు.

ఇక్కడ మన కరువు నేల సంగతి ఒకటి చెప్పాలి. 1838లో మ్యూనిక్‌లో స్టైన్‌హైల్ అనే ఆయన తిరుగు తీగ అక్కర్లేదు, భూమినే రెండో తీగగా వాడుకోవచ్చని కనిపెట్టాడు. తీగ ఖర్చు సగమైంది. కానీ భూమి కరెంటును మోయాలంటే తడి ఉండాలి. ఎండాకాలంలో మన ఎర్రనేల, రాతినేల ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. ఎండిన నేలలో ఎర్త్ సరిగ్గా పనిచేయదు. అందుకే గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్ళు పోస్తూ ఉండడం. ఈ రోజుకీ ఆదోనిలో గానీ ప్రొద్దుటూరులో గానీ కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే చేయి జిల్లుమంటే ముందు చూడాల్సింది ఎర్తింగ్. తీగ ఊడిందా, ఏప్రిల్ నుంచి ఆ గుంతలో ఎవరైనా బిందెడు నీళ్ళు పోశారా? సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు.

తర్వాత కథ తొందరగా చెప్తాను. 1995 ఆగస్టు 15న మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది, టెలిఫోన్ తీగ మీదే. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, అదీ అదే రాగి తీగ మీద. వాన పడితే జాయింట్లలో తడి చేరి ఫోన్‌లో గరగర, నెట్ మాయం. పాత ఎర్త్ లోపమే కదా! 1983లో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన పింగ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఒక కబురు పంపి, తిరిగి వస్తుందా, ఎంతసేపట్లో వస్తుందా అని చూడడమే దాని పని. తంతి ఆఫీసు పరీక్షే కంప్యూటర్‌లోకి వచ్చింది.

దాన్ని మీరూ చేయొచ్చు. ముందు రౌటర్‌కు పింగ్ పంపండి. జవాబు రాకపోతే లోపం ఇంట్లోనే. మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. రౌటర్ పలికిందా, అప్పుడు 8.8.8.8కు పంపండి. అది రాకపోతే బయట లైను సంగతి చూడాలి. అది వచ్చి, పేరు కొడితే సైటు రాకపోతే డీఎన్ఎస్ చూడండి. మూడు పరీక్షలు, రెండు నిమిషాలు.

2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ఇందులో తెగిన చోటు వెతకడానికి వెలుగును పంపుతారు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కట్టి, ఎన్నో కిలోమీటరు దగ్గర తెగిందో మిషనే చెప్పేస్తుంది.

ఇంత విద్య ఉన్న కాలంలో, 2015లో రేషన్ షాపులకు ఈ-పాస్ మిషన్లు వచ్చాయి. వేలిముద్ర పడితేనే బియ్యం. ఇప్పుడు ఆ దారిని ముక్కలు చేసి చూడండి. వేలు, అద్దం, మిషన్, సిమ్ సిగ్నల్, సర్వర్, ఆధార్ నంబరు సరిగ్గా ఎక్కడం. ఆరు ముక్కలు. వీటిలో ఏది చెడినా కౌంటర్ దగ్గర వినపడే మాట ఒకటే: "నీ వేలు పడలేదు పో అవ్వా."

పాత కర్నూలు జిల్లా బేతంచెర్లలో నాపరాయి కోసేవాళ్ళ వేళ్ళు, యర్రగుంట్ల దగ్గర బండలు మోసేవాళ్ళ వేళ్ళు ఎట్లా ఉంటాయి? గీతలు అరిగిపోయి ఉంటాయి. వాళ్ళకు వేలే అడ్డం కావచ్చు. కానీ అందరికీ అదే కారణం కాదు. 2015లో రాష్ట్రంలో జరిగిన సామాజిక తనిఖీలో కర్నూలు జిల్లా షాపులూ ఉన్నాయి. బియ్యం తీసుకోని వాళ్ళను కలిసి అడిగితే కొందరికి వేలిముద్ర కలవలేదు, కొందరికి ఆధార్ నంబరే తప్పు, కొన్నిచోట్ల మిషనే పనిచేయలేదు. లెక్కలో మాత్రం వీళ్ళంతా ఒకే గడిలో పడతారు: బియ్యం తీసుకోలేదు. అట్లాంటి గడిని చూసి దొంగ కార్డులు తగ్గాయని చెప్పుకోవడం ఎంత తేలికో ఆలోచించండి.

ఆధార్ వ్యవస్థ మాత్రం తేడా చెప్తుంది. 300 అని కోడ్ వస్తే వేలిముద్ర కలవలేదని. 998 అయితే ఆధార్ నంబరుతోనే ఇబ్బంది. సిగ్నల్ లేకపోతే అడిగిన మాట ఆధార్ దాకా పోనేలేదు, ఇక వేలు కలవలేదని ఎవరంటారు? కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళతో షాపుకు పోయినప్పుడు డీలర్‌ను "అన్నా, ఏ కోడ్ వచ్చింది?" అని అడగండి. ఇంకో వేలు పెట్టించండి. వేరే కార్డువాళ్ళకు మిషన్ పనిచేస్తుందా చూడండి. ఏదీ కుదరకపోతే వేరే దారిలో బియ్యం ఇమ్మని, ఇవ్వని కారణం రాసిమ్మని అడగండి.

2013 జూలైలో తంతి సేవ మూతపడింది. తంతి చేరకపోతే అది అందుకోవాల్సిన మనిషి తప్పని ఆ ఆఫీసులో ఎవరూ రాయలేదు. తీగ యాడ తెగిందో వెతకడానికి లైన్‌మన్‌ను పంపించారు. అరిగిన వేలున్న అవ్వకు మనం చేయాల్సిందీ అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు.