పసివారి భయమును బొమ్మలాటయు

ఉండి మొదలు కొల్లేటి దాక గల మన పల్లెల పెద్దలకు తోలుబొమ్మలాటను గూర్చి వేరుగ వర్ణింప నక్కరలేదు. తెల్లని తెరపై పదితలల రావణుడు కదలిన తోడనే ముందు వరుసలోని పసివాడు అమ్మమ్మ యొడిలో మొగము దాచుకొనును. ఐనను ఇంటికి పోవుద మనడు. కొంగు సందునుండి ఒక కంటితో చూచుచునే యుండును. ఇంతలో కేతిగాడును బంగారక్కయు వచ్చి తగవులాడుకొనగా వాడే కిలకిల నవ్వును. భయము వచ్చి పోవునది యని ఆ రాత్రి వానికి తెలిసినది.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటను ప్రస్తావించినాడు. మేకతోలును పలుచగా గీకి, వెలుగు చొరునట్లు చేసి, రంగులు వేసి, కీళ్ళు కట్టి, వెనుక ఆముదపు దీపము లుంచి ఆడింతురు. యుద్ధఘట్టము రాగానే కాలిక్రింది చెక్కపలకలను త్రొక్కి చప్పుడు చేయుదురు. ఆ చప్పుడునకు పెద్దవారు సైత ములికిపడుదురు.

ఐరోపాలో బొమ్మల చలనచిత్రము చాల వెనుక పుట్టినది. 1908లో ఎమిల్ కోల్ అను ఫ్రెంచి చిత్రకారుడు గీతబొమ్మలతో ఒక చిన్న చిత్రమును తీసెను. 1926లో లోటె రైనిగర్ అను జర్మను యువతి నల్లని కాగితపు బొమ్మలను కత్తిరించి, కీళ్ళు కూర్చి, గాజుపలకపై నుంచి, క్రిందినుండి దీపము పెట్టి, ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క ఛాయాచిత్రము తీసి, ‘అహమ్మదు రాకుమారుని సాహసములు’ అను పెద్ద చిత్రమును ముగించెను. ఆ పనికి మూడేండ్లు పట్టినది. మన బొమ్మలవారు చూచినచో ఆమెను తమ కులవిద్య నెరిగిన దానినిగా నెంచియుందురు.

పిదప అమెరికాలో వాల్ట్ డిస్నీ 1937లో ‘స్నో వైట్’ చిత్రమును విడుదల చేసెను. అందలి మంత్రగత్తె పిల్లలను జడిపించునని ఇంగ్లండులోని సెన్సారువారు, పెద్దలు వెంట లేనిదే బాలురు చూడరాదని కట్టడి చేసిరి. వారి యాతురత నేను త్రోసిపుచ్చను. ఐనను భయమును పూర్తిగ దాచిన బిడ్డ భయమును దాటుట ఎట్లు నేర్చును? 1941 నాటి ‘డంబో’లో తల్లియేనుగును బంధించినప్పుడు పిల్లయేనుగు ఊచల సందునుండి వచ్చిన తొండమున నూగును. తల్లి యెడబాటు వలన ఏడ్చిన ప్రతి బిడ్డకు ఆ దృశ్యము తన కథయే.

ఫ్రాయిడు అను వియన్నా వైద్యుడు 1920లో ప్రకటించిన గ్రంథమున తన మనుమని యాట నొకదానిని వర్ణించినాడు. తల్లి బయటికి పోయినప్పుడు ఒకటిన్నర యేండ్ల ఆ బాలుడు దారము కట్టిన కొయ్యకండెను మంచము చాటునకు విసరి ‘పోయె’ ననియు, దారము లాగి ‘వచ్చె’ ననియు పలుమారు లాడుకొనుచుండెనట. ఇది వింతగా తోచవచ్చును గాని, కొంగుతో మొగము కప్పుకొని ‘బూచి’ యని తీసివేయు మన యమ్మమ్మలు ఏ గ్రంథమును చదువకయే యీ యాట నాడించుచున్నారు. పిల్లలు ఒకే కథను పదిమారు లడుగుట మొండితనము కాదు. భయమును చేతిలో పట్టుకొని త్రిప్పిచూచుటయే యది.

మన దేశమున 1956లో క్లెయిర్ వీక్స్ అను డిస్నీ చిత్రకారుడు ఫిల్మ్స్ డివిజనునకు వచ్చి మనవారికి ఈ విద్య నేర్పెను. 1957లో వెలువడిన ‘ది బన్యన్ డీర్’ చిత్రము జాతకకథను చెప్పును. గర్భిణియగు లేడికి మారుగా మృగరాజు తన ప్రాణము నొడ్డును. తెలుగున 2006లో వచ్చిన ‘కిట్టు’ బొమ్మల చిత్రమునకు జాతీయ పురస్కారము లభించినది.

2015లో వచ్చిన ‘ఇన్‌సైడ్ ఔట్’ అను అమెరికా చిత్రము మాత్రము ఈ విషయమును నేరుగ చేపట్టినది. ఇల్లు మారిన పదునొకండేండ్ల బాలిక మనస్సులో సంతోషము, దుఃఖము, భయము, కోపము, ఏవగింపు అను నైదును పాత్రలుగా సంచరించును. ఆడుకొను బండి పోయి విలపించు నొక పాత్రను సంతోషము హాస్యములతో మరపింప జూచి విఫలమగును. దుఃఖము పోయి ప్రక్కన కూర్చుండి ‘నీకిది యిష్టమైన వస్తువు గదా’ యన్నట్లు వినును. అంతట ఆ పాత్ర యేడ్చి, తేరి, లేచును.

తాతగారు గతించిన యింట మనుమనితో మనము తరచు అనునది ‘మగవాడ వేడ్వరాదు’ అనియే. పైగా నేడు బాలుని చేతి కొక ఫోను నిచ్చి ప్రక్కగదికి పోవుచున్నాము. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వరకు గల పిల్లలకు దినమునకు గంటకు మించి తెర చూపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. గంటసేపైనను ఒంటరిగా చూచు పసివానికి రావణుడు కనబడినప్పుడు మొగము దాచుకొనుట కొక కొంగు లేదు. ప్రక్కన కూర్చున్న తాత బొమ్మను కాసేపాపి, ‘వాడెందు కేడ్చుచున్నాడురా?’ యని యడిగినచో, మనుమడు బొమ్మను గూర్చి మొదలిడి కొంతసేపటికి తన్ను గూర్చి చెప్పసాగును.