విజయపురి రాళ్లు చెప్పు ఓదార్పు



దుఃఖము గడప త్రొక్కని యిల్లు లేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియు, తోడబుట్టినవానిని కాటికి సాగనంపిన ఆడపడుచును, పుట్టినయూరు విడువవలసివచ్చిన కాపును ఏ కాలమునందైనను అడుగు ప్రశ్న యొక్కటే: ఈ బరువును నేనెక్కడ దింపుకొందును? మన పల్నాటి సీమలో పదునేడువందల యేండ్లకు పూర్వము కొందరు స్త్రీలు ఈ ప్రశ్నకు చెప్పుకొన్న సమాధానము రాతిపై నిలిచియున్నది. దానినిగూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

మాచర్ల కావల కృష్ణ కుడిగట్టున విజయపురి సౌత్ అను నూరున్నది. సాగరము ఆనకట్టతోపాటు వెలసిన యూరే యైనను, దాని పేరు మిక్కిలి పాతది. క్రీ. శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి ఆ చెంతనే, నాగార్జునకొండ లోయలో నుండెడిది. 1926లో దాని శిథిలముల జాడ లోకమునకు దెలిసినది. పిమ్మట జరిగిన త్రవ్వకములలో బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో వ్రాయించిన శాసనములనేకము బయల్పడినవి.

ఆ వంశమున మొదటి ప్రభువు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. ఆయన వైదికమార్గమున నడచినవాడు. అగ్నిష్టోమ వాజపేయాశ్వమేధములు చేసినవాడు. మహాసేనుని, అనగా కుమారస్వామిని గొలిచినవాడు. ఆయన చెల్లెలు చాంతిశ్రీ బౌద్ధోపాసిక. చాంతమూలుని కుమారుడైన వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షమున ఆమె మహాచైత్యమునకు స్తంభమును నిలిపెను. దానిపై ఆమె కోరినదేమి? ఇహపరములందు తనవారికి హితసుఖములును, తనకు నిర్వాణమును కోరి, అంతటితో నిలువక, సకలలోకమునకు సుఖము కలుగవలెనని కోరినది. 18వ వర్షమున చైత్యగృహమును గట్టించినపుడు తన యల్లుడైన వీరపురుషదత్తునకు ఆయువును, విజయమును కోరినది.

వీరపురుషదత్తుని 20వ వర్షమున మరియొక స్తంభము లేచినది. ఇది చైత్యమునకు కాదు, మరణించిన చాంతమూలునకు. దీనిని నిలిపినవారు ఆయన తల్లులును, తోబుట్టువులును, భార్యలును. ఇట్టివానిని ఛాయాస్తంభములనిరి. ఛాయయనగా ప్రతిరూపము. రాజులకు మాత్రమే కాదు, సేనానులకును, సైనికులకును గూడ ఇట్టి స్తంభములు ఆ లోయలో లభించినవి. కోట్ల బంగారమును, లక్ష గోవులను దానమిచ్చినవాడని శాసనములు పొగడిన ప్రభువునకును మృత్యువు తప్పలేదు. ఆయన యింటి యాడవారికి దుఃఖమును తప్పలేదు.

ఆ నగరముననే హారీతి యాలయమొకటి యుండెను. బౌద్ధుల కథలలో హారీతి పరుల బిడ్డలను భక్షించు యక్షిణి. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను దాచెను. ఆమె లోకమెల్ల వెదకి, వెదకి, తుదకు ఆయన పాదములకడకు వచ్చి విలపించెను. అనేకులైన నీ బిడ్డలలో ఒక్కడు కానరాకున్ననే నీకింత శోకమైనచో, ఉన్న యొక్క బిడ్డను పోగొట్టుకొన్న తల్లి గతియేమని ఆయన యడిగెను. ఆనాటినుండి ఆమె శిశురక్షకురాలయ్యెనట. తన దుఃఖమునుండి పరుల దుఃఖము నెరుగుట యీ కథకు జీవము.

విజయపురిలో బౌద్ధవిహారములే కాక శివాలయమును, కార్తికేయుని గుడులును, అష్టభుజస్వామి యనుపేర విష్ణ్వాలయమును వెలసినవి. అన్న యజ్ఞము చేసెను. చెల్లెలు చైత్యమును గట్టించెను. ఒక యింటిలోనే ఆశ్రయములు వేరైనవి. బౌద్ధులు బుద్ధుని సృష్టికర్తయని తలపలేదు. అయినను ఆపదలో మనస్సు నిలుపుకొనుటకు ఆయన శరణమునే పొందిరి.

ఆ లోయకు రెండవ దుఃఖము మనకాలమున వచ్చినది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1954 మొదలు 1960 వరకు ఆ లోయనంతయు త్రవ్వి, ముఖ్యమైన కట్టడములను కొండపైకిని, అనుపుకును తరలించిరి. కొండ ద్వీపమైనది. పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు నీటిపాలైనవి. ఆ జలములవలన ఎన్నియో పొలములు పండినవి. అయినను తాతల సమాధులను, ఇలవేలుపు గద్దెను విడిచి బండి గట్టినవాని గుండెకోతను ఏ పంటయు పూర్తిగా మాన్పజాలదు. దానిని చులకన చేయరాదు.

నేను ఆ కొండపై ఆ రాళ్లయెదుట నిలిచినపుడెల్ల నాకు తోచునది యిది. దైవము నాశ్రయించినవారికి పోయినది తిరిగిరాదు. రాగలదని యీ శాసనములు చెప్పవు. ఆశ్రయమువలన కలుగునది వేరు. మనిషి తన దుఃఖములో తానే బందీ కాకుండుట. నాకు, నావారికి అని మొదలైన ప్రార్థన సకలలోకమునకు అని ముగియుట. చాంతిశ్రీ కోరిక ఆ త్రోవనే నడచినది. హారీతి కథ ఆ త్రోవనే చూపినది.

పెద్దలారా, మీ యూరిలో ఏ యింట చావు సంభవించినను మొదట పిలుపు వచ్చునది మీకే. విధివ్రాతయని యొక్కమాట చెప్పి లేచిరాకుడు. పోయినవాని పేరెత్తి, వాని మంచిని చెప్పనిండు, వినుడు. పిదప, కుదిరినపుడు, వాని పేర ఒక చెట్టైనను, చలిపందిరియైనను పెట్టించుడు. ఆ నీడను, ఆ నీళ్లను అనుభవించు బాటసారి యెవరో ఆ తల్లికి తెలియదు. అయినను ఆమె చేయి మరల ఒకరికి పెట్టుటకు చాచినది. ఓదార్పు అక్కడ మొదలగును.