ఎనిమిదవ ఎడ్వర్డు వివాహము – లోకుల నోరు



కుండకు మూకుడు మూయవచ్చును గాని లోకుల నోటికి మూకుడు మూయలేమని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట పల్లెలోని పేదవానికెంత నిజమో, సముద్రములకావల రాజ్యము నేలిన చక్రవర్తికిని అంత నిజమే. 1936వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన ఎనిమిదవ ఎడ్వర్డు చరిత్ర ఇందుకు తార్కాణము. ఆయన నాడు మన దేశమునకును చక్రవర్తి. ఐనను ఆయన బొమ్మగల రూపాయి బ్రిటిషు ఇండియాలో చెలామణికి రాకమునుపే ఆయన సింహాసనము వీడెను.

నేను బడిలో చరిత్రపాఠము చెప్పు దినములలో ఈ ఘట్టమును ఒక్క వాక్యముతో దాటించెడివాడను. ‘ప్రేమించిన స్త్రీ కొరకు రాజ్యమును త్యజించెను’ అని చెప్పి పుట త్రిప్పెడివాడను. ఒకనాడొక బాలుడు లేచి, “ఆమె ఏమన్నదండీ?” అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆ ప్రశ్నయే నాచేత ఈ చరిత్రను మరల చదివించినది.

ఐదవ జార్జి 1936 జనవరి 20వ తేదీన మరణింపగా, పెద్దకుమారుడగు ఎడ్వర్డు రాజయ్యెను. అప్పటి కాయన వయస్సు 41 సంవత్సరములు; అవివాహితుడు. ఆయన మనస్సు వాలిస్ సింప్సను అను అమెరికా దేశపు స్త్రీయందు లగ్నమై యుండెను. ఆమె మొదటి భర్తతో విడాకులు పొంది, రెండవ వివాహము చేసికొనియున్నది. ఇంగ్లండు రాజు ఆ దేశపు క్రైస్తవ సంఘమునకు అధినేత. విడాకులు పొందినవారు, వెనుకటి భార్యగాని భర్తగాని జీవించియుండగా, మరల వివాహమాడుటను ఆ సంఘము నాడు సమ్మతింపదు. చిక్కంతయు నిందే యున్నది.

ఆ వేసవిలో ఇరువురును ‘నాహ్లిన్’ అను నౌకపై మధ్యధరా సముద్రపు తూర్పుతీరముల విహరించిరి. అమెరికా పత్రికలు ఆ ముచ్చటను చిత్రపటములతో సహా ప్రకటించినవి. ఇంగ్లండు పత్రికలు మాత్రము పెదవి విప్పలేదు. అక్టోబరు 16వ తేదీన రాజు పత్రికాధిపతియగు బీవర్‌బ్రూక్ ప్రభువును పిలిపించి, ఆమె రెండవ విడాకుల వ్యాజ్యమును గూర్చి రచ్చ చేయవలదని కోరెను. పత్రికలవారు మాట నిలుపుకొనిరి. 27వ తేదీన ఇప్స్విచ్ పట్టణపు న్యాయస్థానమున తీర్పు వెలువడగా, ముక్తసరిగా నాలుగు ముక్కలు వ్రాసి యూరకుండిరి. అమెరికానుండి వచ్చు పత్రికలలో ఆ సంగతులున్న భాగములను కత్తెరతో కత్తిరించి యమ్మిరి. ఇట్లు లోకమెల్ల చెప్పుకొనుచున్న మాట, ఆ రాజు ప్రజలలో పెక్కురకు మాత్రము తెలియకుండెను.

ఈ మౌనమెంతోకాలము నిలువదని రాజు కార్యదర్శి హార్డింజి నవంబరు 13వ తేదీన లేఖ వ్రాసి హెచ్చరించెను. 16వ తేదీన రాజు ప్రధానమంత్రియగు బాల్డ్విన్‌ను పిలిచి, తానామెను వివాహమాడ నిశ్చయించితిననియు, అవసరమైన రాజ్యమునే వదలుదుననియు చెప్పెను. పిమ్మట డిసెంబరు 1వ తేదీన బ్రాడ్‌ఫర్డు నగరపు బిషప్పు, పట్టాభిషేకమును గూర్చి ప్రసంగించుచు, రాజునకు దైవానుగ్రహ మావశ్యకమని పలికెను. రాజు ప్రార్థనాలయమునకు సరిగా పోవుట లేదనియే ఆయన భావము. వివాహప్రసక్తి ఆయన తలపెట్టలేదు. కాని ఆ చిన్న మాటయే కట్టకు గండి కొట్టినది. 3వ తేదీనాటికి దేశమందలి పత్రికలన్నియు ఒక్కసారిగా గొంతెత్తినవి. పది నెలలు దాచిన మాట రెండు దినములలో వీధిన పడెను.

అప్పుడు రాజు తానే రేడియోలో ప్రజలతో మాటలాడ నెంచెను. మంత్రుల యనుమతి లేక రాజు ప్రజలను సంబోధింపరాదని ప్రభుత్వము నిరాకరించెను. ఆమె రాణి కాకుండ భార్యమాత్రముగా నుండునట్లు చట్టము చేయుడని ఆయన యంతకుముందే కోరియుండెను. దానినిని మంత్రులు త్రోసివేసిరి.

ఇక ఆ బాలుని ప్రశ్నకు వత్తును. వాలిస్ 3వ తేదీరాత్రి ఇంగ్లండు విడిచి ఫ్రాన్సు దేశమున కేన్ పట్టణమునకు పోయెను. దారిపొడవునను విలేఖరులు వేటాడిరి. బెదిరింపు జాబులును వచ్చినవి. 7వ తేదీన ఆమె యొక ప్రకటన గావించెను. రాజునకు గాని సింహాసనమునకు గాని హాని కలుగుట తన కిష్టము లేదనియు, అందువలన చిక్కు తీరునేని తాను తప్పుకొన సిద్ధమనియు దాని సారము. ఆమె ఏమన్నదనగా, ఇదియే యన్నది. కాని అప్పటికి వినువారెవరు? లోకులు తీర్పు చెప్పి ముగించిరి.

డిసెంబరు 10వ తేదీన ఎడ్వర్డు తన మువ్వురు సోదరుల సమక్షమున పరిత్యాగపత్రముపై చేవ్రాలు చేసెను. మరునాడది చట్టమయ్యెను. ఆ రాత్రియే విండ్సరు కోటనుండి రేడియోలో మాటలాడి, తాను ప్రేమించిన స్త్రీ తోడ్పాటు లేక ఆ మహాభారమును వహింపజాలనని ప్రజలకు విన్నవించెను. మన దేశమున రేడియో సంస్థకు ‘ఆల్ ఇండియా రేడియో’ అను పేరు వచ్చినదియు ఆ సంవత్సరము జూను మాసముననే. రాజుగా నున్నప్పుడు దొరకని అవకాశము, రాజు కానివానికి దొరకెను. మాట వచ్చినది, వేళ మించినది.

1937 జూను 3వ తేదీన ఫ్రాన్సులో వారి వివాహము జరిగెను. రాజకుటుంబమునుండి యొక్కరును రాలేదు. ఆయనకున్న రాజమర్యాదా బిరుదమును ఆమెకు నిరాకరించిరి. శేషజీవితమును వారెక్కువగా ఫ్రాన్సులోనే గడపిరి. ఆయన 1972లోను, ఆమె 1986లోను మరణింపగా, విండ్సరు సమీపమున ఫ్రాగ్‌మోరులో ప్రక్కప్రక్కన సమాధులు చేసిరి.

లోకాపవాదమనగానే మనకు శ్రీరాముడు స్మృతికి వచ్చును. ప్రజల మాటకై రాముడు భార్యను వీడెను. ఎడ్వర్డు స్త్రీకై ప్రజలను వీడెను. ఇరువురను తూచుటకు నేను చాలను. ఒక్కటి మాత్రము కనుగొంటిని. రెండు చరిత్రలందును లోకుల నోట ఎక్కువగా నలిగినది స్త్రీయే.

చివరకు నా తప్పొకటి చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట మా యూరి రచ్చబండపై ఒక యువతిని గూర్చి వదంతి లేచినది. నేనును ఆ గుంపులో కూర్చుండి, విని, తల యూపితిని. పంతులుగారే తల యూపిరి గదా యని ఆ మాట మరింత బలిసెను. ఆమె యూరు విడిచిపోయెను. ఆమె ఏమనునో అడిగినవాడు మాలో ఒక్కడును లేడు. ఆ బాలుడు బడిలో అడిగిన ప్రశ్నను నేను రచ్చబండపై అడుగనైతిని.

లోకుల నోటికి మూకుడు లేదు, నిజమే. మన నోటికి మనమే మూకుడు వేసికొనవచ్చును గదా! పెద్దలైన మీరు మీ యూళ్లలో ఇట్టి మాట వచ్చినప్పుడు, “ఆమె ఏమన్నది?” అని యొక్కసారి యడుగ గోరుచు సెలవు తీసికొనుచున్నాను.