కారు వెనుక వింత శబ్దమా? బండి విప్పే ముందు ఆరా తీయండి

కరీంనగర్/ఆదిలాబాద్: కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారిపై పెద్దపల్లి వైపు వెళ్లే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకోగానే వెనుక సీటు కింద నుంచి సన్నని మూలుగు మొదలవుతుంది. వేగం పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. యజమాని పాటల శబ్దం పెంచి కొన్నాళ్లు సరిపెట్టుకుంటాడు. చివరకు గ్యారేజీకి తీసుకెళితే షాకబ్జార్బర్లు మారుస్తారు. శబ్దం పోదు. బుష్‌లు మారుస్తారు. అయినా పోదు. వేలాది రూపాయలు ఖర్చయ్యాక అది ఒక చక్రం బేరింగు నుంచి వస్తున్నదని తేలుతుంది. ఈ వృథాకు మెకానిక్ ఒక్కడినే తప్పుపట్టలేం. ‘వెనుక నుంచి ఏదో సౌండ్ వస్తోంది’ అని ఒక్క మాట చెప్పి తాళాలు అప్పగించే యజమానికీ అందులో వాటా ఉంది.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పలు జిల్లాలుగా విడిపోయినా బండ్లు ఎదుర్కొనే కష్టాలు మాత్రం ఉమ్మడిగానే ఉన్నాయి. గోదావరిఖని, మందమర్రి ప్రాంతాల్లో బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ లారీల బరువుకు కుంగిన రోడ్లు, ఊరూరా స్పీడు బ్రేకర్లు, ఆదిలాబాద్ నల్లరేగడి బురద, కెరమెరి, మహబూబ్ ఘాట్ల మలుపులు ఇందుకు తోడవుతాయి. పెళ్లికో, జాతరకో వెళ్లేటప్పుడు ఎక్కించే అదనపు మనుషులు, సామాను బరువులో అధిక భాగం వెనుక ఇరుసుపైనే పడుతుంది. అరిగిన భాగం ముందుగా శబ్దం రూపంలోనే హెచ్చరిస్తుంది.

శబ్దం ఎప్పుడు వస్తోంది?

ఎక్కడి నుంచి వస్తోందన్న దానికంటే ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యమైన ప్రశ్న. కారు బాడీ అంతా ఇనుప రేకు కావడంతో శబ్దం ఒకచోట పుట్టి మరోచోట వినిపిస్తుంది. ముందున్న ఇంజిను మౌంటింగు రబ్బరు చిరిగితే ఇంజిను ఊగి, దానితోపాటు సైలెన్సర్ గొట్టం కదిలి వెనుక ఇరుసుకు తగలడం ఇందుకు ఉదాహరణ. వినేవారు మాత్రం వెనుక చక్రాన్నే అనుమానిస్తారు.

అందువల్ల నాలుగైదు విషయాలను ముందే గమనించి పెట్టుకోవాలి. వేగంతోపాటు శబ్దం మారుతోందా, గతుకుల్లోనే వస్తోందా, బ్రేకు నొక్కినప్పుడు వస్తోందా, మలుపు తిరిగేటప్పుడు వస్తోందా, బండి ఖాళీగా ఉన్నప్పుడూ వస్తోందా అన్నది చూడాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, నిలిపిన బండిలో ఇంజిను వేగం పెంచినా అదే శబ్దం వస్తే చక్రాలకు దానితో సంబంధం లేదు. సైలెన్సర్ వైపు చూడాలి. నడిపే వ్యక్తి ఒక్కడే ఇవన్నీ పట్టుకోవడం కష్టం. తెలిసిన వారెవరినైనా వెనుక సీటులో కూర్చోబెట్టి ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు చెవి పెట్టి వినమనాలి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి మెకానిక్‌కు వినిపించడం మరీ మంచిది. గ్యారేజీకి చేరేసరికి శబ్దం మాయం కావడం అందరికీ అనుభవమే.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

ఇది చాలామందికి చిన్నతనంగా అనిపించవచ్చు. కానీ వెనుక నుంచి వచ్చే లొడలొడ శబ్దాల్లో అనేకం బండివి కావు, సామానువి. జాకీ, వీల్ పానా వాటి స్థానంలో బిగించకపోతే ప్రతి గుంతలోనూ టకటకమంటాయి. స్టెప్నీని బిగించే బోల్టు వదులైతే దబ్ దబ్ అంటుంది. వేములవాడ నుంచి తిరిగి వచ్చే కారులో డిక్కీలో మిగిలిపోయిన ఒక్క కొబ్బరికాయ మలుపు మలుపునా దొర్లి బేరింగు పోయిందన్న భయం పుట్టించగలదు.

సామానంతా దించి, జాకీని గుడ్డలో చుట్టి, స్టెప్నీ బిగించి అదే రోడ్డుపై మళ్లీ నడపాలి. శబ్దం ఆగకపోతే డిక్కీ తలుపు చూడాలి. తాళం పట్టే కొక్కెం వదులైనా, తలుపు అంచున ఉండే రబ్బరు గుండీలు అరిగినా తలుపు గతుకుల్లో కొట్టుకుంటుంది. మడతపెట్టే వెనుక సీటు కొక్కెం, నంబరు ప్లేటు, బురద రేకులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. చేత్తో నొక్కి పట్టుకుంటే శబ్దం ఆగేదేదో అక్కడే తేలిపోతుంది. డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉన్న కార్లలో మాత్రం దాని పట్టీల బిగింపును సొంతంగా సరిచేయకూడదు. అది అనుమతి ఉన్న ఫిట్టింగు కేంద్రం పని.

కొన్ని శబ్దాలు సహజమైనవి. తాళం తిప్పగానే పెట్రోలు కార్లలో వెనుక సీటు కింద నుంచి ఒకటి రెండు క్షణాలపాటు సన్నగా గుర్రుమనేది ట్యాంకులోని పంపు. బ్రేకు వేసినప్పుడు తొణికిన చప్పుడు ట్యాంకులోని ఇంధనానిది. వర్షాకాలంలో రాత్రంతా హ్యాండ్‌బ్రేకు వేసి నిలిపిన బండి ఉదయం కదలగానే టప్ మనడం బ్రేకు షూ తేమకు డ్రమ్ముకు అంటుకోవడం వల్లనే. ఒకటి రెండుసార్లు బ్రేకు వేస్తే అది సర్దుకుంటుంది.

వేగంతో పెరిగే మూలుగు

టైరు, బేరింగు శబ్దాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తప్పుడు మరమ్మతులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వేరుచేసే పద్ధతి ఉంది. కొత్త తారు రోడ్డుపై ఒకలా, సిమెంటు రోడ్డుపై మరోలా వినిపిస్తే అది టైరు. ఏ రోడ్డుపైనైనా ఒకే తీరుగా ఉంటే బేరింగును అనుమానించాలి. టైరు పట్టీపై అరచేయి ఆనించి చుట్టూ నిమిరితే ఎగుడుదిగుడులు తెలుస్తాయి. అలా గుంటలు గుంటలుగా అరగడానికి చాలాసార్లు షాకబ్జార్బరు బలహీనపడటమే కారణం. టైరు మార్చి షాకబ్జార్బరును వదిలేస్తే కొత్త టైరుకూ అదే గతి పడుతుంది. వెనుక టైర్లను ముందుకు మార్చి నడిపినప్పుడు శబ్దం కూడా ముందుకు మారితే నిర్ధారణ అయినట్టే.

బేరింగును మలుపులో పట్టుకోవచ్చు. ఖాళీ రోడ్డుపై ఒక మోస్తరు వేగంలో కుడివైపు వంపు తిరిగితే బండి బరువు ఎడమ చక్రాలపైకి ఒరుగుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగు, ఎడమవైపు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగు దెబ్బతిన్నట్టు లెక్క. ఆ తరువాత బండిని నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి వెనుక చక్రాన్ని జాకీపై లేపాలి. ఒక చేయి స్ప్రింగుపై ఉంచి మరో చేత్తో చక్రాన్ని తిప్పితే అరిగిన బేరింగు గరుకుదనం స్ప్రింగు ద్వారా చేతికి తెలుస్తుంది. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదలిక ఉండకూడదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటమే. దృఢమైన స్టాండు లేనిదే ఆ సాహసం చేయరాదు.

పత్తి సీజన్‌లో చేల బాటలు తొక్కి వచ్చిన బండ్లకు మరో చిక్కు ఉంది. నల్లరేగడి మట్టి చక్రం రిమ్ము లోపలి వైపు అతుక్కుని ఎండి గట్టిపడుతుంది. రోడ్డెక్కి వేగం పెంచగానే వెనుక భాగమంతా వణికి గుమ్మని మోగుతుంది. వీల్ బ్యాలెన్సింగుకు డబ్బు పెట్టే ముందు చక్రం లోపలి వైపు నీళ్లు కొట్టి కడగడం మేలు.

గతుకుల్లో లొడలొడ

స్పీడు బ్రేకరు దిగగానే ఒక్కసారి ఠక్కుమంటే షాకబ్జార్బరు పైన, కింద ఉండే రబ్బరు బుష్‌లను చూడాలి. షాకబ్జార్బరు ఒంటిపై నూనె కారి దుమ్ము అంటుకుని ఉంటే దాని పని అయిపోయినట్టే. వెనుక భాగాన్ని బలంగా నొక్కి వదిలితే ఒకసారి లేచి నిలవాలి. రెండు మూడుసార్లు ఊగితే మార్చాల్సిందే. మార్చినప్పుడు రెండు వైపులా కలిపి మార్చాలి.

బొలెరో, ఓమ్ని వంటి బండ్లకు వెనుక కమాను కట్టలు ఉంటాయి. కట్టల మధ్య దుమ్ము చేరితే కిర్రు కిర్రుమంటాయి. అది చెవికి ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. అయితే కట్టల్లో ఒకటి విరిగినా, మధ్య బోల్టు తెగినా ఇరుసు పక్కకు జరుగుతుంది. నేరుగా వెళుతున్న బండిని వెనుక నుంచి చూస్తే పక్కకు ఒరిగి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. దాన్ని లోడుతో నడపకూడదు.

సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరు రింగులు తెగడం మరో సాధారణ కారణం. రామగుండం ఎండలకు గట్టిపడిన రబ్బరు ఆదిలాబాద్ చలికి మరింత బిగుసుకుని, ఉదయం పూట కీచుమని, బండి కాస్త నడిచాక సద్దుమణగడమూ ఉంది. రింగు ఖరీదు తక్కువే. కానీ దాన్ని పట్టించుకోకపోతే గొట్టం అతుకు వద్ద పగులుతుంది. పొగ కారు లోపలికి చేరితే అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అద్దాలు మూసుకుని ఏసీ వేసుకుని వెళ్లేవారికి తలనొప్పి, మగత వస్తే శబ్దం సంగతి పక్కనపెట్టి ముందు అద్దాలు దించి, బండి ఆపి, దిగాలి.

వెనుక చక్రాలు లాగే బండ్లలో

మారుతి స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, టాటా ఇండికా వంటి కార్లను ముందు చక్రాలు లాగుతాయి. కనుక వెనుక వెతకాల్సినవి తక్కువే. బొలెరో, ఓమ్ని, ఇన్నోవా విషయం వేరు. ఇంజిను శక్తి ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక హౌసింగుకు చేరుతుంది. రివర్సు నుంచి మొదటి గేరుకు మార్చి కదిలించగానే కింద నుంచి టక్ మంటే షాఫ్టు క్రాస్ జాయింట్లు అరిగాయని అనుమానించాలి. బండిని కదలకుండా ఆపి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తే జాయింటులోని వదులు బయటపడుతుంది. క్రాస్ జాయింటు వేగంలో ఉండగా తెగితే షాఫ్టు రోడ్డుకు తగిలి బండి అదుపు తప్పే ప్రమాదం ఉంది.

యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఊళవేసినట్టు మోగి, కాలు తీయగానే స్వరం మారితే అది హౌసింగులోని క్రౌన్, పినియన్ పళ్ల శబ్దం. బేరింగు మూలుగు కాలు తీసినంత మాత్రాన అలా మారదు. ముందుగా హౌసింగు ఆయిల్ చూడాలి. ఆయిల్ పోసే బిరడా తీస్తే రంధ్రం అంచు వరకు ఉండాలి. సీలు కారి ఆయిల్ తగ్గిన బండిని ఘాట్ రోడ్డుపై లోడుతో ఎక్కిస్తే పళ్లు పూర్తిగా దెబ్బతింటాయి. లీటరు, రెండు లీటర్ల ఆయిల్‌తో తప్పేది హౌసింగు మొత్తం విప్పే దాకా వస్తుంది.

బ్రేకు నొక్కితే గరగర

చాలా కార్లకు వెనుక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. దుమ్ము డ్రమ్ము లోపలే నిలిచిపోతుంది. బొగ్గు గనుల ప్రాంతంలో తిరిగే బండ్లకు సర్వీసింగులో డ్రమ్ము విప్పి శుభ్రం చేయించడం తప్పనిసరి. కీచుమనే శబ్దం శుభ్రం చేస్తే పోవచ్చు. ఇనుము ఇనుమును రాసినట్టు గరగరమంటే లైనింగు అయిపోయినట్టే. ఆ స్థితిలో ఘాట్ దిగడం ఎంతమాత్రం తగదు. ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల నియమం బ్రేకులను కాపాడేందుకే.

బండి ఆపాల్సిన శబ్దాలు

పంక్చరు వేయించిన తరువాత కొత్తగా టకటక మొదలైతే చక్రం నట్లు వదులయ్యాయేమో వెంటనే చూడాలి. మొదట నెమ్మదిగా వినిపించి వేగంతో పెరుగుతుంది. నట్ల చుట్టూ తుప్పు గీతలు గాని, కొత్తగా మెరిసే అంచు గాని కనిపించవచ్చు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక పానాతో మరోసారి ఎదురెదురు నట్ల వరుసలో బిగించాలి. టైరు ట్రెడ్డులో ఇరుక్కున్న రాయి కూడా టిక్ టిక్ మంటుంది. అది తీసేస్తే సరి. మేకు కనిపిస్తే మాత్రం అక్కడే పీకకుండా పంక్చరు దుకాణానికి చేరాలి.

నెమ్మదిగా వెళుతున్నా దబ్ దబ్ మని కొడుతుంటే టైరు పక్క గోడ ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బిన టైరు మే నెల ఎండలో జాతీయ రహదారి వేగానికి ఎప్పుడైనా పేలుతుంది. టైరు వయసు దాని పక్కనే రాసి ఉంటుంది. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. 2319 అంటే 2019లో 23వ వారం. పాత బండి కొనేవారు దీన్ని తప్పక చూసుకోవాలి. మూలుగు కాస్తా గరగరగా మారి, చక్రం మధ్య భాగం రెండోవైపు కంటే బాగా వేడెక్కి ఉంటే బేరింగు చివరి దశకు చేరినట్టు. ఇంటికి ఇంకా 20 కిలోమీటర్లేనని మలుపుల రోడ్డులో సాగించకుండా టోయింగు బండిని పిలిపించడమే క్షేమం.

గ్యారేజీలో పని అప్పగించేటప్పుడు శబ్దం వచ్చే వేగం, రోడ్డు, వైపు కాగితంపై రాసి ఇవ్వాలి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డుపై నడిపి వినిపించాలి. మార్చిన పాత భాగాలను చూపమని అడగాలి. బేరింగైతే చేత్తో తిప్పి చూస్తే గరుకుదనం యజమానికే తెలుస్తుంది. డబ్బు చెల్లించే ముందు మళ్లీ ఒకసారి అదే రోడ్డుపై, అదే వేగంలో నడిపి చూడాలి.